కదిలిపోయిన గ్రూపు ఫోటో

కెమెరా సరదా ఉన్న కుర్రాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. జగ్గయ్యపేటలో ఇంకా పనిచేసే ఫిలిం కెమెరా మా ఇంట్లోనే ఉందని ఎవరో చెప్పి పంపిస్తారు. వచ్చినవాళ్ళు ముందు కాఫీ తాగుతారు. తర్వాత కెమెరా చేతిలోకి తీసుకుని, అబ్బో ఇంత బరువా అంటారు. ఆ తర్వాత తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు.

"ఈ లెన్సుతో మీరు తీసిన వాటిల్లో మీకు బాగా నచ్చిన ఫోటో ఏదండీ?"

నేను హాల్లో గోడకున్న ఫోటో చూపిస్తాను. వాళ్ళు దగ్గరికి వెళ్ళి చూసి, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, "బాగుందండి" అంటారు. మర్యాద తెలిసిన పిల్లలు. నిజానికి అది ఏమీ బాగోలేదు. అందులో ఉన్నది ఒక బ్యాండు మేళం. ఒక్క మనిషి తప్ప మేళమంతా కదిలిపోయింది. మొహాలు మసక, చేతులు పొగ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ జనాన్ని కదలొద్దు కదలొద్దు అని కసిరి అన్నం తిన్నవాణ్ణి, కదిలిపోయిన ఫోటోకి ఫ్రేము కట్టించి హాల్లో ఎందుకు పెట్టుకున్నానో వచ్చిన ప్రతివాడికీ మొదట్నించీ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఒకసారి రాసి పడేస్తే ఇకమీదట కాగితం చేతికిచ్చి నేను కాసేపు పడుకోవచ్చు.

ముందు ఆ లెన్సు సంగతి. నా దగ్గరున్నది చదరపు ఫోటో పడే మీడియం ఫార్మాట్ కెమెరా. కంటికి ఆనించుకునేది కాదు. నడుం ఎత్తులో పెట్టుకుని, బావిలోకి తొంగి చూసినట్టు పైనుంచి చూడాలి. బొమ్మ అద్దంలోలాగా ఎడమది కుడికి, కుడిది ఎడమకి కనబడుతుంది. నాకు పని నేర్పిన గురువుగారు దానికి ఒక వైడు లెన్సు సంపాదించారు. ఆయన చేతికి వచ్చేనాటికే అది పాతది. ఆయన స్టూడియో మానేసేటప్పుడు కెమెరా, లెన్సు రెండూ నా చేతిలో పెట్టారు. వెనక్కి జరగడానికి చోటు లేని గదుల్లో, సందుల్లో అదే నాకు దిక్కు. పైనుంచి చూసే కెమెరా కాబట్టి వెనకాల మన తలకి కూడా చోటు అక్కర్లేదు. కెమెరా వీపు గోడకి ఆనించి, మనం పక్కన ఒదిగి నిలబడి తీసెయ్యొచ్చు.

దానికి రెండు గుణాలున్నాయి. ఒకటి పుట్టుకతో వచ్చింది. మధ్యలో ఉన్నవాళ్ళని ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది, అంచుల్లో ఉన్నవాళ్ళని పక్కకి సాగదీస్తుంది. ఎంత అందగాడైనా చివర నిలబడితే మొహం గుమ్మడికాయే. అందుకని పెళ్ళి గ్రూపుల్లో నేను బక్కపల్చటి బావమరుదుల్ని ఏరి చివర్లలో నిలబెట్టేవాణ్ణి. ఫోటో చూసుకుని, కాస్త ఒళ్ళు చేశానే అని వాళ్ళు సంతోషపడేవాళ్ళు. రెండో గుణం వయసు మీద వచ్చింది. ఆ లెన్సులో షట్టరు కూడా లోపలే ఉంటుంది. దాని స్ప్రింగు సడలిపోయింది. అర సెకను పెడితే బద్ధకంగా ఒక సెకను దాకా తెరుచుకుని ఉంటోంది. అంతసేపూ ఎదుటివాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడాలి. లేకపోతే ఫోటో కదిలిపోతుంది. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. మిగతా సాంకేతిక విషయాలు మీ ఫోను చూసుకుంటుంది.

ఇక మేళం సంగతి. మా పేటలో ఒకే ఒక పెద్ద బ్యాండు మేళం ఉండేది. నేను తీసిన పెళ్ళిళ్ళలో సగానికి వాళ్ళే వాయించారు కాబట్టి నా లెక్కలో వాళ్ళు నా తోటి ఉద్యోగులు. పెళ్ళివారు అందరికంటే ముందు రమ్మనేదీ, అందరికంటే చివర భోజనం పెట్టేదీ మా రెండు వర్గాలకే. ఎన్నో పందిళ్ళలో చివరి బంతిలో పక్కపక్కన కూర్చుని, చల్లారిన సాంబారు గురించి గొణుక్కుంటూ తిన్నాం.

మేళానికి మాస్టరు క్లారినెట్ వాయించే సాయిబుగారు. పొడుగ్గా, సన్నగా, గోరింటాకు పెట్టిన గడ్డంతో ఉంటారు. అందరం ఆయన్ని మాస్టారూ అనే పిలుస్తాం. ఆయన శిష్యుడు ట్రంపెట్ వాయించేవాడు, నందిగామ కుర్రాడు. కుర్రాడు అన్నానుగానీ వాడికీ ఇప్పుడు జుట్టు నెరిసింది. వీళ్ళిద్దరి మధ్యలో పెద్ద డోలు మోసే బాబాయ్. నాకంటే పెద్దవాడు. చుట్టరికం ఏమీ లేదు, కానీ ఎప్పట్నించో బాబాయే.

బ్యాండు మేళంలో ఒక పద్ధతి ఉంది. పాట మొదలుపెట్టేముందు వన్, టూ, త్రీ అని లెక్క చెప్పేవాడే మాస్టరు. త్రీ అనగానే పెద్ద డోలు మీద మొదటి దెబ్బ పడాలి, దాంతోపాటు అందరూ ఎత్తుకోవాలి. మాస్టరు ఉండగా ఇంకొకరు లెక్క చెప్పడం అంటే, పెళ్ళిలో పెళ్ళికొడుకు పక్కనుండగా ఇంకొకడు తాళి అందుకోవడమే.

చందర్లపాడులో ఒక పెళ్ళికి ఊరేగింపు బయల్దేరుతోంది. నేనూ అక్కడే ఉన్నాను. మాస్టారు ఎవరో పాత స్నేహితుడు కనబడితే మాట్లాడుతూ పక్కకి వెళ్ళారు. పెళ్ళివారు ఇంకా ఎంతసేపయ్యా అని విసుక్కుంటున్నారు. ట్రంపెట్ అతను అటూ ఇటూ చూసి, ముందుకొచ్చి, "వన్, టూ, త్రీ" అనేశాడు. మేళం ఎత్తుకుంది. మాస్టారు అక్కణ్ణించే వెనక్కి తిరిగి చూశారు. ఆ ఊరేగింపు మొత్తంలో ఆయన క్లారినెట్ నోట పెట్టలేదు, చంకలో పెట్టుకుని వెనకాల నడిచారు.

భోజనాల దగ్గర మాటలు పడ్డాయి. "నేను చచ్చాననుకున్నావా, లెక్క చెప్పటానికి?" అని ఆయన. "మీరు ముచ్చట్లు పెట్టుకుంటే పెళ్ళి ఆగుద్దాండీ?" అని వీడు. అక్కడితో ఆగితే బాగుండేది. వారం తిరక్కుండా ట్రంపెట్ అతను నందిగామలో సొంత మేళం పెట్టుకున్నాడు. సగంమంది వాడితో వెళ్ళారు. పేట మేళానికి ఎర్ర కోట్లు, నందిగామ మేళానికి నీలం కోట్లు. ఆ తర్వాత ఏళ్ళకి ఏళ్ళు వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు. బాబాయ్ మాత్రం ఎవరు పిలిస్తే వాళ్ళ కోటు వేసుకుని డోలు కొట్టేవాడు. ఒకరి మాట ఇంకొకరి దగ్గర ఎత్తేవాడు కాదు.

నేను పని మానేసి, స్టూడియో మా అల్లుడికి అప్పగించిన తర్వాత జరిగింది ఇది. ఒక మధ్యాహ్నం బాబాయ్ స్టూడియోకి వచ్చాడు. నేను ఊరికే కూర్చుని, అల్లుడు కంప్యూటర్లో పెళ్ళికూతురి మొటిమలు తుడుస్తుంటే సలహాలు ఇస్తున్నాను.

"అబ్బాయ్, ఆ పాత కెమెరా ఉందా? అమ్మేసావా?"

నాకు మనవలున్నా ఆయనకి నేను అబ్బాయినే.

"ఉంది బాబాయ్. ఏం కావాలి?"

"మీ గురువుగారు తీశాడే, సందులో మా రూము ముందు, మేళమంతా నిలబడి. అట్టాంటిది ఇంకోటి తియ్యాలి."

"మేళమంతా అంటే ఏ మేళం? ఎర్రదా, నీలందా?"

"రెండూ కలిపితేనే మేళం. నువ్వు కూడా అట్టా అడుగుతావేంటి?"

కుర్చీలో కూలబడి భుజం నొక్కుకున్నాడు. డోలు పట్టీ మోసీ మోసీ ఆ భుజం అరిగిపోయింది. ఇక మెడలో వేసుకుంటే చెయ్యి పైకి లేవదని డాక్టరు చెప్పేశాడట. అసలు సంగతి అది కాదు. చందర్లపాడులో ఆయన మనవరాలి పెళ్ళి కుదిరింది.

"ఊళ్ళో అందరి ఆడపిల్లల ముందూ డోలు కొట్టుకుంటా నడిచా. నా పిల్ల ముందు సగం మేళం నడుస్తుంటే నేను చూడలేనబ్బాయ్. ఎర్రోళ్ళని పిలిస్తే వాడు రాడు, నీలమోళ్ళని పిలిస్తే ఈయన రాడు. ఇద్దర్నీ విడివిడిగా అడిగా. వాడుంటే నేను రానని ఈయన, ఆయనుంటే నేను రానని వాడు. పెళ్ళి సంగతి తర్వాత, ముందు ఇద్దర్నీ ఒకచోట నిలబెట్టాలి. ఫోటో అంటే కాదనరు."

మా అల్లుడు కంప్యూటర్లోంచి తల తిప్పకుండా, "దానికి ఆ కెమెరా ఎందుకు తాతా? ఫోన్లో అల్ట్రా వైడు ఉంది. నిమిషంలో తీసి వాట్సాప్ పెట్టేస్తా" అన్నాడు.

"నిమిషంలో అయిపోతే నాకెందుకయ్యా? తుమ్మేలోపు అయిపోద్ది, ఎవడి దారిన వాడు పోతాడు. మీ మావయ్య కెమెరా అయితే సర్దటానికే బోలెడంతసేపు పడుద్ది. అంతసేపూ పక్కపక్కన నిలబడాలి కదా!"

నా కెమెరాకి అప్పటిదాకా వచ్చిన మెప్పులన్నిట్లో అదే గొప్పది. ఒప్పుకున్నాను.

ఫిలిం హైదరాబాదు నుంచి తెప్పించాను. లెన్సు బయటికి తీసి, షట్టరు స్ప్రింగుకి కాస్త చలనం రావాలని రోజూ ఎండలో కూర్చుని ఖాళీగా నొక్కుతుంటే, మా ఆవిడ నాకేదో అయిందనుకుంది. ఆ తర్వాత మాస్టారి ఇంటికి వెళ్ళాను.

"డోలు అన్న అడిగితే కాదంటానా? వస్తా" అన్నారు. గడ్డం నిమురుకుంటూ, "మరి వాడు ఎక్కడ నిలబడతాడు?"

"ఆ సంగతి తెలియదు మాస్టారూ. మీరు మాత్రం మధ్యలో."

"వాణ్ణి చివర పెట్టు. పాత ఫోటోలో తాళాలు వాయించేవాడి మొహం చాటంత వచ్చింది, చూశావా? అట్టా రావాలి వాడిది."

మర్నాడు బస్సెక్కి నందిగామ వెళ్ళాను. ట్రంపెట్ అతను బజార్లో చిన్న షాపు పెట్టుకున్నాడు. ముందు డీజే సౌండు బాక్సులు అద్దెకిచ్చే బోర్డు, వెనకాల మేకులకి వేలాడుతున్న బాకాలు. నన్ను చూసి టీ తెప్పించాడు.

"గురువుగారు వస్తానన్నారా?" అన్నాడు. అని, నాలిక్కరుచుకుని, "అదే, ఆయన" అన్నాడు.

"వస్తానన్నారు."

"ఆయన మధ్యలో దర్జాగా కూర్చుంటే నేను చివర జోకరులాగా నిలబడాలా అన్నయ్యా? ఆ లెన్సు సంగతి నాకు తెలవదా?"

"నిన్ను చివర ఎవరు పెడతానన్నారు? నువ్వు మధ్యలో."

"మరి ఆయన?"

"టీ చల్లారిపోతోంది, తాగు."

ఇద్దరికీ చెప్పింది నిజమే. డోలుకి ఒకరు ఇటు, ఒకరు అటు నిలబడితే ఇద్దరూ మధ్యలోనే ఉంటారు. ఎవరి కెమెరా వాళ్ళిష్టం.

అనుకున్న రోజు పొద్దున్నే సందులోకి వెళ్ళాను. మేళం పాత రూముకి ఎదురుగా ఎవరిదో పెరటి గోడ. మధ్యలో ఒక ఎడ్లబండి కష్టం మీద పట్టే చోటు. కెమెరా వీపు గోడకి ఆనించి స్టాండు మీద బిగించి, నేను పక్కన నక్కాను. సందు కాబట్టి ఎండ దిగలేదు, వెలుతురు తక్కువ. మూడు వరసల్లో మనుషులు. అందరూ స్పష్టంగా రావాలంటే లెన్సు కన్ను బాగా మూయాలి, షట్టరు ఎక్కువసేపు తెరవాలి. అంటే సడలిన స్ప్రింగుతో, ఆ అర సెకను పేరుగల పెద్ద సెకనుతో తియ్యాలి.

కావాలనే ఒకే ఒక కుర్చీ తెప్పించాను. దాంట్లో బాబాయ్‌ని కూర్చోబెట్టి, పెద్ద డోలు ఆయన కాళ్ళ ముందు పెట్టించాను. దాని మీద పాత మేళం పేరు ఇంకా చెరిగిపోలేదు. బక్కపల్చటివాళ్ళని అంచులకి తోలాను. మాస్టారు ఎర్ర కోటులో వచ్చి బాబాయ్‌కి ఒక పక్కన నిలబడ్డారు. ట్రంపెట్ అతను నీలం కోటులో వచ్చి, ఒక్క క్షణం చూసి, రెండో పక్కన నిలబడ్డాడు. కెమెరాలోకి తొంగి చూస్తే ఎడమాయన కుడికీ, కుడాయన ఎడమకీ మారారుగానీ మొహాలు మాత్రం ఎటునించి చూసినా చెరో దిక్కుకే ఉన్నాయి. ఇద్దరికీ బాబాయ్‌కీ మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ.

"మాస్టారూ, కాస్త లోపలికి జరగండి."

"ఇక్కడ బానే ఉంది."

"మీకు బానే ఉంది. లెన్సుకి బాలేదు. అక్కడుంటే సాగుతారు."

జరిగారు.

"తమ్ముడూ, నువ్వు కూడా. దవడలు సాగుతాయి."

వాడూ జరిగాడు. మాస్టారు వాడి వంక ఓరకంట చూసి ఇంకాస్త జరిగారు. వాడు అది చూసి ఇంకాస్త జరిగాడు. ఒకరికంటే ఒకరు ఎక్కువ సాగకూడదన్న పంతంతో ఇద్దరూ వచ్చి వచ్చి చివరికి బాబాయ్ భుజాలకి ఆనుకున్నారు. బాబాయ్ ఆ అరిగిపోయిన భుజం నొప్పి కూడా మర్చిపోయి, కదలకుండా కూర్చున్నాడు.

ఆ అమరికలో కొన్ని ఫోటోలు తీశాను. అన్నీ పాస్‌పోర్టు ఫోటోల్లా వచ్చాయని నాకు తీసేటప్పుడే తెలుసు. రోలు అయిపోవస్తోంది. ట్రంపెట్ అతను అప్పటికే మోటారుసైకిలు తాళం బయటికి తీశాడు. అది చూసి బాబాయ్ కంగారుపడ్డాడు.

"అబ్బాయ్, పాత ఫోటోలో బాకాలు అందరివీ నోటి దగ్గరున్నాయి. అట్టా ఒకటి తియ్యి."

సరే అన్నాను. కానీ నోటి దగ్గర పెడితే ఊపిరికి బాకాలు కదులుతాయి. అందుకని నా స్టూడియో గొంతు బయటికి తీసి, అందరికీ అర్థమయ్యేలా చెప్పాను. "వినండి. నేను లెక్క చెప్తాను. వన్ అంటే వాయించబోయేట్టు సర్దుకోవాలి. టూ అంటే గట్టిగా ఊపిరి పీల్చుకోవాలి. త్రీ అంటే బిగబట్టాలి. నేను చాలు అనేదాకా ఎవ్వరూ కదలకూడదు. తెలిసిందా?"

అందరూ తలలూపారు. బాబాయ్ డోలుపుల్ల ఎత్తి పట్టుకున్నాడు.

ఆ పద్ధతిలో నేను ఎన్ని పెళ్ళి గ్రూపులు తీశానో లెక్కలేదు. ఏ బావమరిదీ తప్పు చెయ్యలేదు. కానీ ఎదురుగా ఉన్నది బావమరుదులు కాదు. పెదాల దగ్గర వాయిద్యం, ఎదురుగా ఎవడో లెక్క చెప్తున్నాడు, టూ దగ్గర గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. అలాంటి మనిషిని త్రీ దగ్గర బిగబట్టమంటే ఎలా? ఆ ముక్క నాకు మీట నొక్కిన తర్వాత తట్టింది.

"వన్... టూ... త్రీ."

సందు బద్దలైపోయింది. ఇరుకు గోడల మధ్య అంత దగ్గరగా ఒక మేళం ఒక్కసారి ఎత్తుకుంటే ఎలా ఉంటుందో మీకు మాటల్లో చెప్పలేను. ఎదురుగా ఉన్న నాకు కళ్ళు మూతపడ్డాయి. పెరటి గోడ మీది పిల్లి కనబడకుండా పోయింది. నేను "కదలొద్దు! కదలొద్దు!" అని అరుస్తూనే ఉన్నాను. అరుస్తున్నట్టు నాకే వినబడలేదు.

ఎత్తుకున్నది వాళ్ళు ఏ ఊరేగింపుకైనా మొదట వాయించే వినాయకుడి పాట. అదొక్కటే ఏమీ ఆలోచించకుండా వచ్చేస్తుంది వాళ్ళకి. ఎత్తుకున్న మరుక్షణం మాస్టారికీ, ట్రంపెట్ అతనికీ తామేం చేస్తున్నామో తెలిసింది. మొహాల్లో కనబడింది. కానీ ఆ పాటని మధ్యలో ఆపకూడదు. ఆపితే అశుభమని మేళంవాళ్ళ నమ్మకం. సాయిబుగారికి కూడా ఆ నమ్మకం ఉంది, నిజానికి అందరికంటే ఆయనకే ఎక్కువ. పాట మధ్యలో నవ్వితేనే చెవి మెలిపెట్టేవారు. ఇంకేం చేస్తారు? వాయించారు. పాటలో మొదటి వరస క్లారినెట్‌ది. రెండో వరస ట్రంపెట్ అందుకోవాలి. విడిపోయాక పేటలో రెండో వరసని సైడు డ్రమ్ముతోనూ, నందిగామలో మొదటి వరసని కీబోర్డుతోనూ నెట్టుకొస్తున్నారు. మొదటి వరస చివర మాస్టారి కుడి కనుబొమ్మ పైకి లేచింది, శిష్యుడికి సైగ చేసే పాత అలవాటు. ట్రంపెట్ అతను ఆ కనుబొమ్మ చూసి అందుకున్నాడు. కిటికీలు తెరుచుకున్నాయి. ఎవరింట్లోనో పెళ్ళనుకుని జనం సందు మొదట్లో గుమిగూడారు.

నాకు ఒళ్ళు జలదరించింది. ఫోటో పాడైనందుకు కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి.

పాట అయిపోయింది. ఎవరు ఎటు చూడాలో తెలియలేదు. ట్రంపెట్ అతను గోడ వైపు చూస్తూ అన్నాడు.

"క్లారినెట్‌కి రీడు మార్చుకోవాలి. గాలి పోతోంది."

మాస్టారు క్లారినెట్ తుడుచుకుంటూ డోలుతో చెప్పినట్టు చెప్పారు.

"ముందు ఆ ట్రంపెట్‌కి నూనె వెయ్యమను. ఎన్నిసార్లు చెప్పాలి?"

అంతే. అప్పుడు బాబాయ్ తన చేతిలో ఇంకా గాల్లోనే ఉన్న డోలుపుల్ల వంక చూసుకుని, "నేను దెబ్బ వెయ్యటం మర్చిపోయానర్రా" అన్నాడు. అందరం అప్పుడు గమనించాం. ఆ పాటలో పెద్ద డోలు లేనేలేదు.

మిగిలిన ఫిలిం మీద మళ్ళీ పద్ధతిగా, లెక్క చెప్పకుండా తీసి ముగించాను. మాస్టారు ఇంటివైపు నడుచుకుంటూ పోయారు, ట్రంపెట్ అతను మోటారుసైకిలెక్కి పోయాడు. వెళ్ళొస్తానని ఒకరికొకరు చెప్పుకోలేదు.

"వస్తారంటావా పెళ్ళికి?" అన్నాడు బాబాయ్.

"నాకేం తెలుసు బాబాయ్? నేను ఫోటోలు తీసేవాణ్ణి" అన్నాను, విసుగ్గానే.

ఫిలిం నేనే కడిగాను. ఆ కదిలిన ఫోటో పారేద్దామనుకుంటూనే వెలుతురుకి పెట్టి చూశాను. ఎర్ర కోట్లూ నీలం కోట్లూ కలిసి ఒకటే మసక. నలుపు తెలుపు ఫిలిం కాబట్టి ఏది ఎర్రో ఏది నీలమో తెలియదు. మాస్టారి మొహం లేదు, ట్రంపెట్ అతని వేళ్ళు లేవు. ఆ మసక మధ్యలో బాబాయ్ ఒక్కడే గోరుతో గీసినంత స్పష్టంగా ఉన్నాడు. పుల్ల ఎత్తి పట్టుకుని, నోరు కాస్త తెరుచుకుని. సెకనుసేపు ఆ మనిషి రెప్ప కూడా వెయ్యలేదు.

విజయవాడలో ప్రింట్లు వేయించి ఆయనకి చూపించాను. బాగా వచ్చినవన్నీ పైన పెట్టాను, ఇది అడుగున పెట్టాను. ఆయన పైవాటిని ఒక్కొక్కటీ పక్కన పెడుతూ వచ్చి దీని దగ్గర ఆగిపోయాడు.

"ఇదొక్కటి చాలు."

"అది కదిలిపోయింది బాబాయ్. నేనే తీసెయ్యాల్సింది."

"డోలు ఎప్పుడూ నా కడుపు మీదే మోగేదిరా. మేళం పక్కనే ఉన్నా నాకు నా దెబ్బే వినబడేది. వీళ్ళు ఎట్టా వాయిస్తారో ఇన్నేళ్ళలో ఆ రోజే విన్నా. ఎంత బాగా వాయిస్తారబ్బాయ్!"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

పెళ్ళి పిలుపులతో పాటు ఆ ఫోటో చెరొకటి ఇచ్చి రమ్మని నన్నే పంపించాడు. మాస్టారు చూసి, "నాకు ఇందులో మొహమే లేదే" అన్నారు. అలా అన్నారు గానీ తిరిగివ్వలేదు. ట్రంపెట్ అతను వెలుతురుకి తిప్పి తిప్పి చూశాడు. పెళ్ళికి వస్తావా అంటే, "చూద్దాం అన్నయ్యా, ఆ రోజు ఇంకో బేరం ఉంది" అన్నాడు. బాబాయ్‌కి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. చూద్దామన్నాడని మాత్రం చెప్పాను.

పెళ్ళిరోజు నేను చందర్లపాడు వెళ్ళేసరికి వీధి మొదట్లో ఒకవైపు ఎర్ర కోట్లు, రెండోవైపు నీలం కోట్లు ఉన్నాయి. నా గుండె కుదుటపడింది. కానీ అది తొందరపాటు. ఇంట్లోంచి కల్యాణ మండపానికి పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళాలి. ముస్తాబై కారు పక్కన నిలబడింది. బాబాయ్‌ని కుర్చీలో కూర్చోబెట్టారు, ఎదురుగా డోలు స్టాండు మీద పెట్టారు. అంతా సిద్ధం. మేళం మాత్రం మొదలవలేదు.

నాకు కాసేపటికి అర్థమైంది. లెక్క చెప్పేవాడు లేడు. మాస్టారు చెప్తే నీలం కోట్లు అందుకోకపోవచ్చు, అంతమందిలో ఆయన పరువు పోతుంది. ట్రంపెట్ అతను చెప్తే మళ్ళీ అదే ఊళ్ళో అదే తప్పు. మాస్టారు కరెంటు తీగల మీద పిట్టల్ని చూస్తున్నారు. వాడు వంగి బూటు లేసు విప్పి మళ్ళీ కడుతున్నాడు. పెళ్ళిపెద్దలు టైమైపోతోందయ్యా అని కేకలేస్తున్నారు. పెళ్ళికూతురు తాత మొహం చూస్తోంది. ఆయన మొహంలో నెత్తురు లేదు.

నేను ఆ రోజు వట్టి అతిథిని. చేతిలో కెమెరా లేదు, నూలు పంచె కట్టుకుని భోజనానికి వచ్చినవాణ్ణి. బాబాయ్ కళ్ళు జనంలో వెతుక్కుంటూ వచ్చి నా మీద ఆగాయి.

"అబ్బాయ్" అన్నాడు.

"నేనా?" అన్నాను.

ఆయన పుల్ల ఎత్తి పట్టుకున్నాడు.

ఎర్ర కోట్లకీ నీలం కోట్లకీ మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. మాస్టారు పిట్టల మీంచి కళ్ళు దించారు. ట్రంపెట్ అతను లేచి నిలబడ్డాడు. స్టూడియో గొంతు పైకి తీశాను.

"వన్."

అందరివీ నోటి దగ్గరికి వెళ్ళాయి.

"టూ."

ఇద్దరూ ఒకేసారి గుండెల నిండా గాలి పీల్చుకోవడం చూశాను.

"త్రీ."

ఈసారి బాబాయ్ దెబ్బ వెయ్యడం మర్చిపోలేదు.